షుగర్ 125 అయితే లేనట్టు, 126 అయితే ఉన్నట్టా?

గుంటూరు మిర్చి: నాన్నగారికి పరగడుపు షుగర్ మొన్న 124. వారం తర్వాత 127. మొదటిది చూసి "కాస్త జాగ్రత్త" అన్న డాక్టరుగారే రెండోది చూసి "షుగర్ లాగే ఉంది, ఇంకోసారి చూద్దాం" అన్నారు. మూడు పాయింట్లకి ఒంట్లో ఏం మారిపోయిందండీ?

లెక్కల పిచ్చి: ఏమీ మారలేదు. లెక్కల్లో మెట్టులా తెగి దూకడాన్ని విచ్ఛిన్నత అంటారు: ఎడమ నుంచి వస్తే ఒక విలువ, కుడి నుంచి వస్తే ఇంకోటి. కవరు 20 గ్రాములు దాటగానే స్టాంపు ధర పెరిగినట్టు. గ్లూకోజు అలా దూకదు. 1997 దాకా అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ల గీత 140. ఆ ఏడు 126కి దించారు. 130 ఉన్నవాడు రాత్రికి రాత్రే రోగి అయిపోయాడు, పాపం నిద్రలోనే!

వార్డు డ్యూటీ: 126 గాల్లోంచి ఊడిపడలేదు. కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కడ పెరుగుతోందో గ్రాఫులు వేసి చూసి పెట్టారు. పైగా ఒంట్లో మెట్లు లేవని ఎవరన్నారు? నాడీకణం సంకేతం పంపితే పూర్తిగా పంపుతుంది, లేదా అసలు పంపదు.

లెక్కల పిచ్చి: వంపు వేరు, మెట్టు వేరు. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మూడు జనాభాల లెక్కలు వచ్చాయి, రెటీనాకి అందరికీ వర్తించే గీత దొరకలేదు. ఇక నాడి అంటారా, హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడికి రాసిన సమీకరణాలు అవిచ్ఛిన్నమే, అంటే ఎక్కడా తెగి దూకవు. ఏటవాలు ఎంత నిటారుగా ఉన్నా గోడ కాదుగా.

వార్డు డ్యూటీ: ఒప్పుకున్నా. కానీ ఓపీలో బయట క్యూ ఉంటుంది. చీటీ మీద "0.6 రోగి" అని రాయలేను, మందు ఇవ్వాలి లేదా మానాలి. లక్షణాలు లేకపోతే రెండోసారి పరీక్ష అడిగేది అందుకే.

మధ్యలో మనిషి: ఒంట్లో మెట్టు లేదేమో, ప్రీమియంలో ఉంది. రిపోర్టులో "డయాబెటిస్" అని పడ్డాక మా బావగారి పాలసీ ఒక్కసారే ఖరీదైంది. ఆ మెట్టు మాత్రం లెక్కల పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

గుంటూరు మిర్చి: మూడో రిపోర్టు 123! నాన్నగారు బొబ్బట్లు అడుగుతున్నారు.

వార్డు డ్యూటీ: మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. బొబ్బట్టు సగం పెట్టండి, అది అవిచ్ఛిన్న రాశే.

లెక్కల పిచ్చి: దానికీ 6.5 శాతం అని ఇంకో గీత ఉంది మరి.