పెద్ద బొగ్గు చిత్రం: చెరిపి మళ్లీ గీయాలా, ఫిక్సేటివ్ కొట్టి వదిలేయాలా?

ప్రశ్న (బొగ్గుపుల్ల, తిరుపతి):

అందరికీ నమస్కారం. పిల్లలకు బొమ్మలు నేర్పడం నా వృత్తి. 2019 నుంచి మా ఊరిని బొగ్గుతో గీస్తున్నాను. ఒక్కో కాగితం 5 అడుగుల ఎత్తు, 7 అడుగుల వెడల్పు. మేడ మీది రేకుల గదిలో గోడకు ప్లైవుడ్ కొట్టించి, దాని మీద కాగితం బిగించి, స్టూలెక్కి గీస్తాను. చెయ్యి భుజం నుంచి కదిలితేనే శేషాచలం గీత వస్తుంది. మణికట్టుతో గీస్తే అది కొండ కాదు, గుట్ట.

ఇప్పటికి 11 అయ్యాయి. గోవిందరాజస్వామి గుడి వీధిలో తెల్లవారుజామున దించుతున్న పూలబుట్టలు, స్టేషన్‌లో గుండ్ల మీద చందనం ఆరుతుండగా రైలు కోసం కూర్చున్న కుటుంబాలు, ఇలాంటివి. నా ఇబ్బంది మొదటి చిత్రంతోనే. లీలామహల్ సర్కిల్ దగ్గర స్నేహితురాలి మేడ మీద నుంచి గీశాను. దుకాణాల వెనక కొండ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. 2023లో శ్రీనివాస సేతు తెరిచారు. ఇప్పుడు అదే మేడ మీద నిలబడితే వంతెన కొండను అడ్డంగా కోసేస్తోంది. వంతెన వద్దని నేను అనను. దానికి ముందు ఆ కూడలిలో యాత్రికుల బస్సులు ఎంతసేపు నిలిచిపోయేవో చూసినదాన్ని. అందుకే అదే కాగితం మీద వంతెన గీయాలనిపిస్తోంది. కానీ వంతెన స్తంభం సరిగ్గా నేను గీసిన ఒక టీ బండి మీద పడుతుంది. ఆ బండి పైన పట్టా, పట్టాను కరెంటు స్తంభానికి కట్టిన తాడు ముడి. ఆ ముడికే ఒక సాయంత్రమంతా పట్టింది. బండి ఇప్పుడు లేదు, ముడి నా కాగితం మీదే ఉంది.

ఇంతవరకు ఫిక్సేటివ్ (బొగ్గు రాలకుండా కొట్టే స్ప్రే) కొట్టలేదు. చెరిపితే మచ్చ పోతుందా? మిగిలిన పదింటిని ఎలా దాచాలి?

జవాబు (శ్రీకాళహస్తి నుంచి, కలంకారీ పని):

అక్కా, ముందు ఏ బొగ్గుతో గీశారో చెప్పండి. అచ్చుపోసిన కడ్డీలైతే వాటిలో జిగురు ఉంటుంది, పూర్తిగా చెరగదు. పుల్లల బొగ్గయితే గుడ్డతో తట్టినా రాలుతుంది. మేము కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద చింతపుల్లల బొగ్గుతోనే మొదటి గీత వేస్తాం. తప్పు వస్తే దులిపేస్తాం. కుదిరాక, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన కసిం అనే నల్లరంగుతో కలం పట్టి దిద్దుతాం. ఇక అది కదలదు. మీరింకా బొగ్గు దగ్గరే ఉన్నారు కాబట్టి మనసు మార్చుకునే వీలుంది. ఫిక్సేటివ్ ఇప్పుడే కొట్టకండి.

బొగ్గు మీరే చేసుకోవచ్చు. ఎండిన చింతపుల్లలు బిస్కెట్ డబ్బాలో కుక్కి, మూతకు ఒక మేకు రంధ్రం పెట్టి, ఆరుబయట నిప్పు మీద ఉంచండి. రంధ్రంలోంచి పొగ ఆగితే కాలినట్టే. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి, గాలి తగిలితే పుల్లలు అంటుకుంటాయి.

జవాబు (ఫ్రేముల పని, చిత్తూరు):

అమ్మా, తేలిక అని ఎవరైనా యాక్రిలిక్ షీటు చెబితే ఒప్పుకోవద్దు. తుడిచినప్పుడు దానికి స్థిర విద్యుత్తు పట్టి కాగితం మీది బొగ్గును లాగేస్తుంది. అద్దమే వేయాలి, కాగితానికి తగలకుండా మధ్యలో మౌంటు (అట్ట చట్రం) ఉండాలి. మీ కొలతకు 4 మి.మీ. అద్దమే 30 కిలోలు దాటుతుంది, గోడ చూసుకోండి. మిగిలినవాటిని చుట్టవద్దు. పైన బటర్ పేపర్ పరిచి, చదునుగా పడుకోబెట్టండి. ఫిక్సేటివ్ కొడితే మధ్యరకం బూడిద రంగులు ఒక వన్నె నల్లబడతాయి. కొట్టక తప్పకపోతే దూరం నుంచి పలుచగా, రెండు మూడు విడతల్లో, వానాకాలం కాని రోజున.

జవాబు (డ్రాయింగ్ మాస్టరు, పదవీ విరమణ):

మచ్చ పోదు, పోనివ్వకండి. జొహానెస్‌బర్గ్ చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి ఇదే చేస్తున్నారు: బొగ్గుతో గీస్తారు, కొంచెం చెరుపుతారు, మళ్లీ గీస్తారు, ప్రతి మార్పునూ కెమెరాలో పట్టి కదిలే బొమ్మగా చేస్తారు. చెరిపిన జాడ కాగితం మీదే కనబడుతూ ఉంటుంది. మీరూ కెమెరాను ఒకేచోట నిలబెట్టి, ప్రతి చెరుపుకు ముందూ తర్వాతా ఫొటో తీయండి.

బొగ్గుపుల్ల:

అందరికీ కృతజ్ఞతలు. పుల్లల బొగ్గే, తమ్ముడూ. ఆదివారం కెమెరా పెట్టి మొదలుపెట్టాను. పాత నూలు చీర ముక్కతో కొండను జానెడు వెడల్పున తుడిచాను. నలుపు పోయింది, గీత పోలేదు. వంతెన వెనక కొండ ఉన్నట్టే ఉంది. టీ బండి మీద చెయ్యి వేయడానికి మూడు రోజులు పట్టింది. బండి బూడిద రంగులోకి వెళ్లింది. ముడి దగ్గర బొగ్గు గట్టిగా నొక్కి గీసినట్టున్నాను, అది స్తంభం లోపల ఇంకా కనబడుతోంది. దాని మీద మళ్లీ గుడ్డ పెట్టలేదు. ఫ్రేముల అన్నా, 30 కిలోల అద్దాన్ని చిత్తూరు నుంచి ఏ బండిలో పంపుతారో చెప్పండి, మా మెట్లు చాలా ఇరుకు.