జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషమా?

ప్రశ్న:
మనవణ్ణి చూడ్డానికి హాంబర్గ్ వచ్చాను. మా అబ్బాయి వాళ్ల బిల్డింగ్ సెల్లార్లో ఎలుక బొమ్మ ఉన్న డబ్బా కనిపించింది. దాని మీద 'రాటెన్‌గిఫ్ట్' అని ఉంది. ఎలుకల మందట! 30 ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాణ్ణి, మింగుడుపడలేదు. కానుకకీ విషానికీ ఒకే మాట ఎలా కుదిరింది?

జవాబు:
మాస్టారూ, రెండూ ఒకే మాటండి. 'ఇవ్వడం' అనే పాత జర్మానిక్ (జర్మన్, ఇంగ్లిష్, స్వీడిష్ భాషల కుటుంబం) ధాతువు నుంచి పుట్టింది. పాత జర్మన్‌లో దానికి కానుక అనే అర్థం ఉండేది. గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం. వైద్యులు దాన్ని మందు మోతాదుకి వాడారు. మనం అనే డోసు అదే. లాటిన్ మీదుగా ఆ వాడుక జర్మన్‌కి చేరాక, ఇచ్చే మోతాదు కాస్తా విషమైంది. మనమూ ఎలుకల 'మందు' అనే అంటాంగా! పాత అర్థం 'మిట్‌గిఫ్ట్'లో మిగిలింది. అంటే కట్నం.

స్టాక్‌హోమ్ నుంచి:
స్వీడిష్‌లో ఇంకా చిత్రం. 'యిఫ్ట్' అని పలుకుతారు. విషం అనీ అర్థమే, పెళ్లయిన అనీ అర్థమే. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక ఫారంలో ఆ మాట చూసి చాలాసేపు ఆగిపోయాను. పిల్లను ఇచ్చారు కాబట్టి పెళ్లయినట్టు. పాత ఇంగ్లిష్‌లోనూ 'గిఫ్ట్' మాటకి అర్థం కన్యాశుల్కమే. కానుక అర్థం నార్స్ (పాతకాలపు స్కాండినేవియా) భాష నుంచి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
కన్యాదానం గుర్తొచ్చిందమ్మా! 'డోసిస్'లోని ధాతువూ మన 'దానం'లోనిదీ ఒకటేనని చదివాను. ఇప్పుడు మళ్లీ చూశాను, నిజమే. మనవడికి రేపే చెప్తాను.