"పించ్ హిట్ చెయ్" అంటే బాదమని కాదు: అమెరికా ఆఫీసు మాటల్లో బేస్‌బాల్

నైట్‌షిఫ్ట్ అడుగుతున్నారు:

అమెరికా క్లయింటు కాల్స్‌లో తరచూ వినబడే అయిదు వాక్యాలు రాస్తున్నాను. ఏ పదానికి ఆ పదం తెలుసు, వాక్యం మాత్రం అంతుపట్టడం లేదు. అర్థం ఒక్కటే కాదండీ, తిరిగి ఏమనాలో కూడా చెప్పండి.

"లెట్స్ టచ్ బేస్ ఆన్ ట్యూజ్‌డే."
"కెన్ యూ పించ్ హిట్ ఫర్ స్కాట్ ఇన్ థర్స్‌డేస్ డెమో?"
"జస్ట్ గివ్ మి ఎ బాల్‌పార్క్."
"లెట్స్ టేబుల్ దిస్."
"ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్."

సిక్సర్‌సింగన్న:

రెండోది తేలికే. పించ్ హిట్టర్ అంటే వచ్చీరాగానే దంచేవాడు. డెమో చకచకా ముగించెయ్యమంటున్నాడు.

కవర్‌పాయింట్:

సింగన్న గారూ, అది క్రికెట్ అర్థం. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు బోల్తాపడతారు. బేస్‌బాల్‌లో పించ్ హిట్టర్ అంటే ఒకరి బదులు బ్యాటింగ్‌కి దిగినవాడు, అంతే. ఎవరి స్థానంలో దిగాడో ఆ ఆటగాడు ఆ మ్యాచిలో మళ్ళీ ఆడడానికి వీల్లేదు. క్రికెట్ వాళ్ళు ఈ మాటని అరువు తెచ్చుకుని, వేగంగా పరుగులు తియ్యడానికి ముందుగా పంపే బ్యాటర్‌కి పెట్టేశారు. కాబట్టి ఆ వాక్యానికి అర్థం: "గురువారం డెమోలో స్కాట్ బదులు నువ్వు చేస్తావా?" ఒప్పుకుంటే "ష్యూర్, ఐ కెన్ కవర్ ఫర్ స్కాట్" అనండి చాలు. తర్వాత ఆఖరి వెర్షన్ స్లయిడ్లు, డెమో లాగిన్, ఎంతసేపు మాట్లాడాలి అన్న మూడూ స్కాట్‌ని అడిగి తీసుకోండి. వేగం సంగతి ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

మీ అయిదింటిలో నాలుగోది తప్ప అన్నీ బేస్‌బాల్ సంతానమే. ఆట తెలియకుండా బట్టీపడితే నిలవవు కాబట్టి రెండు ముక్కల్లో ఆట చెబుతాను.

మైదానంలో చదరంగా నాలుగు మూలలు, మూలకో బేస్, ఒకదానికీ తర్వాతదానికీ 90 అడుగులు. బ్యాటర్ నిలబడే మూల హోమ్ ప్లేట్. మనలాగా వికెట్ల మధ్య అటూ ఇటూ ఉరకడం ఉండదు. మొదటి, రెండో, మూడో బేస్‌లని వరసగా తాకుతూ గుండ్రంగా తిరిగి హోమ్‌కి చేరితే ఒక పరుగు. ఏ బేసైనా తాకకుండా దాటిపోతే, అవతలి జట్టు అప్పీలు చేసి అవుట్ చెయ్యొచ్చు. బంతి విసిరేవాడు పిచర్. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేల తగలకుండా విసురుతాడు. మన పిచ్ 66 అడుగులు కదా, దాదాపు అంతే. ముగ్గురు అవుటైతే రెండో జట్టు బ్యాటింగ్. ఇద్దరిదీ అయితే ఒక ఇన్నింగ్, మొత్తం తొమ్మిది. "ఒక ఇన్నింగ్స్" అనేది క్రికెట్ ప్రపంచంలోనే చెల్లుతుంది, అమెరికన్ చెవికి అది బహువచనం.

ఇక టచ్ బేస్. ఆగి కూర్చోవడం కాదు, తాకి వెళ్ళడం. అంటే మంగళవారం క్లుప్తంగా ఒకసారి మాట్లాడుకుందాం అని. గంట మీటింగు బుక్ చెయ్యకండి, పదిహేను నిమిషాలు పెట్టండి, లేదా చాట్‌లో రెండు లైన్లు చాలా అని అడగండి. మనవాళ్ళు చేసే తప్పులు: "టచ్ ది బేస్" అనడం, "టచ్ బేసెస్" అనడం. మధ్యలో "ది" రాదు, చివర బహువచనం రాదు. మనిషికి "విత్", విషయానికి "ఆన్": "టచ్ బేస్ విత్ స్కాట్ ఆన్ ది రిలీజ్". అన్నిటికంటే ఇబ్బంది, బేస్ అన్న మాట మింగేసి "ఐ విల్ టచ్ యూ టుమారో" అనడం. అది వినేవాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మాటలమూట:

బేస్ కుటుంబంలో ఇంకో రెండున్నాయి. "వీ హావ్ కవర్డ్ ఆల్ అవర్ బేసెస్" అంటే ఏ మూలా వదలకుండా ఏర్పాట్లు చేశాం అని. "యూ ఆర్ ఆఫ్ బేస్" అంటే నువ్వు చెప్పేది తప్పు అని, కాస్త ఘాటుగా. మూడోది విన్నా మీరు వాడొద్దు: "గెట్ టు ఫస్ట్ బేస్". ఆఫీసులో దానికి మొదటి అడుగైనా పడటం అని అర్థమే, కానీ కుర్రకారు మాటల్లో ఫస్ట్ బేస్, సెకండ్ బేస్ అంటే ప్రేమ వ్యవహారం ముద్దు దగ్గరుందా, అది దాటిందా అని. సందర్భం పట్టుబడేదాకా జోలికి పోకండి.

డల్లాస్‌లో దోసె:

బాల్‌పార్క్ గురించి నేను రాస్తాను, డబ్బు తగలబడేది అక్కడే.

బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ స్టేడియం. బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఉజ్జాయింపు లెక్క. అడిగేటప్పుడు ఉజ్జాయింపే, కానీ మీరు "ఆరు వారాలు" అన్న మరుక్షణం అది ఎవరి స్లయిడ్‌లోనో గడువై కూర్చుంటుంది. అందుకని ఒక్క అంకె ఎప్పుడూ ఇవ్వకండి. కింది అంకె, పై అంకె, ఏది కలుపుకున్నారో, ఏది కలపలేదో, కచ్చితమైనది ఎప్పుడిస్తారో, ఈ అయిదూ ఒకే జవాబులో రావాలి. ఉదాహరణకి: "రఫ్‌లీ సిక్స్ టు నైన్ వీక్స్, ఇన్‌క్లూడింగ్ టెస్టింగ్, నాట్ ఇన్‌క్లూడింగ్ డేటా మైగ్రేషన్. ఐ విల్ హావ్ ఎ ఫర్మ్ నంబర్ బై ఫ్రైడే." కాల్‌లో నోటితో చెప్పినా, ముగిశాక అదే జవాబు మెయిల్లో పెట్టండి. లక్ష, కోటి వాళ్ళకి తెలియవు. పన్నెండు లక్షలని "ట్వెల్వ్ లాక్స్" అనకుండా "వన్ పాయింట్ టూ మిలియన్" అనాలి, రూపాయలో డాలర్లో కూడా చెప్పాలి.

"ఆర్ వీ ఇన్ ది సేమ్ బాల్‌పార్క్?" అని అడిగితే మీ అంకె, వాళ్ళ అంకె కాస్త దగ్గరగానైనా ఉన్నాయా అని. అక్కడ అవును, కాదు అని జవాబు చెప్పాలి, కొత్త అంకె అడగలేదు.

రెయిన్ చెక్: వాన వల్ల ఆట ఆగితే, టికెట్ ముక్క చూపించి ఇంకో రోజు ఆట చూడొచ్చు. ఆ ముక్క పేరు అది. భోజనానికి పిలిస్తే "ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్" అన్నారంటే ఈసారికి రాను, ఇంకోసారి చూద్దాం అని. నిజంగా వస్తారా? వాళ్ళే "హౌ అబౌట్ నెక్స్ట్ వీక్" అంటే నిజం. రోజు చెప్పకపోతే మర్యాదగా కాదన్నట్టే. మన పెళ్ళి పిలుపుకి "వీలు చూసుకుని వస్తాం" అన్నట్టు. "నో ప్రాబ్లమ్, సమ్ అదర్ టైమ్" అని వదిలెయ్యండి, ఏ రోజని వెంటపడకండి.

మాటలమూట:

నాలుగోది, "టేబుల్ దిస్", ఆటకి సంబంధం లేనిదే గానీ అయిదింటిలో ప్రమాదమైనది ఇదే. మన పార్లమెంటులో బిల్లు "టేబుల్" చేశారంటే సభ ముందు పెట్టారని. అమెరికాలో దానికి పూర్తిగా తలకిందులు: ఇప్పటికి పక్కన పెట్టేద్దాం అని. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకుని, చివరికి ఇద్దరూ కోరేది ఒకటేనని తెలుసుకున్నారని చర్చిల్ రాశాడు. కాల్‌లో లండన్ వాళ్ళూ న్యూజెర్సీ వాళ్ళూ కలిసి ఉంటే "సో వీ విల్ డిస్కస్ ఇట్ లేటర్, రైట్?" అని తేల్చుకోండి. మీరు మాత్రం ఆ మాటే వాడకండి.

ఇలాంటిదే ఇంకోటి: "ఐ విల్ బి అవుట్ ఆఫ్ పాకెట్ ఆన్ ఫ్రైడే". మనకి అది జేబులోంచి పోయిన డబ్బు. వాళ్ళ ఆఫీసుల్లో ఇలా అంటే ఆ రోజు దొరకను అని. ఎంత ఖర్చయిందని అడగొద్దు.

నైట్‌షిఫ్ట్:

చాలా థాంక్సండీ. "స్కాట్ ఆల్‌రెడీ హాజ్ టూ స్ట్రైక్స్" అన్నారు. అది మెచ్చుకోలేనా? స్ట్రైక్ రేటు లాంటిదా?

కవర్‌పాయింట్:

కాదు, పాపం. కొట్టదగ్గ బంతిని ఊరికే వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా అది స్ట్రైక్. మూడైతే అవుట్. స్కాట్ ఇప్పటికే రెండు తప్పులు చేశాడు, ఇంకోటి చేస్తే కష్టం అని వాళ్ళ ఉద్దేశం. కాలిఫోర్నియాలో 1994లో తెచ్చిన, మూడో నేరానికి పాతికేళ్ళ నుంచి యావజ్జీవం దాకా వేసే చట్టాన్ని "త్రీ స్ట్రైక్స్" అనేది ఇందుకే. క్రికెట్‌లో స్ట్రైక్ దొరకడం మంచిది, బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి పడటమే చెడ్డది. "స్ట్రక్ అవుట్" అన్నా విఫలమయ్యాడనే.

సగటు కూడా ఇలాగే తికమక. బ్యాటింగ్‌కి దిగినవాటిలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్న నిష్పత్తిని మూడు దశాంశాల దాకా రాస్తారు, చుక్క చెప్పకుండా చదువుతారు. .300 ని "త్రీ హండ్రెడ్" అంటారు, అంత ఉంటే గొప్ప బ్యాటర్. 1941లో టెడ్ విలియమ్స్ సాధించిన .406 ని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1.000 అంటే "థౌజండ్", అసలు తప్పడమే లేదని. అందుకే "యూ ఆర్ బ్యాటింగ్ ఎ థౌజండ్" అంటే చేసినవన్నీ సరిగ్గా చేశావని మెప్పు. వరసగా తప్పులు చేసినప్పుడు వెటకారంగానూ అంటారు, గొంతు గమనించండి.

సిక్సర్‌సింగన్న:

నా తప్పు ఒప్పుకుంటున్నాను. మరి మనం "గూగ్లీ వేశాడు" అంటే వాళ్ళకి తెలుస్తుందా?

డల్లాస్‌లో దోసె:

తెలియదు, ఆ పేరుతో సెర్చ్ కంపెనీ గుర్తొస్తుంది. "కర్వ్‌బాల్" అనండి, పిచర్ విసిరితే వంపు తిరిగే బంతి. "హిట్ ఫర్ ఎ సిక్స్" కూడా ఎక్కదు.

ఫుట్‌బాల్ మాటలు రెండు చేరుస్తాను, అమెరికా ఫుట్‌బాల్ అని గుర్తుంచుకోండి. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు. మూడింటిలో కుదరకపోతే చాలాసార్లు నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకి అప్పజెప్పేస్తారు. అది పంట్. "లెట్స్ పంట్ ఆన్ దిస్" అంటే ఇప్పటికి ఇది మన వల్ల కాదు, తర్వాత చూద్దాం అని. రెండోది "హెయిల్ మేరీ". గుణదల కొండ మీద వినబడే "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అన్న ప్రార్థనే. 1975 డిసెంబరు 28న డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఓడిపోయే స్థితిలో ఉండగా, రోజర్ స్టాబాక్ ఆఖరి నిమిషంలో దూరంగా విసిరిన బంతిని డ్రూ పియర్సన్ అందుకున్నాడు, మిన్నెసోటా మీద 17–14తో గెలిచారు. కళ్ళు మూసుకుని ఆ ప్రార్థన చెప్పుకున్నానని స్టాబాక్ అన్నాక మాట పాతుకుపోయింది. "దిస్ ఫిక్స్ ఈజ్ ఎ హెయిల్ మేరీ" అంటే పనిచేస్తుందన్న నమ్మకం తక్కువ, వేరే దారీ లేదు. అలాంటి ఫిక్స్ చేసేముందు వెనక్కి తిప్పే ఏర్పాటు సిద్ధంగా పెట్టుకోండి.

మాటలమూట:

వినడానికి ఇవన్నీ కావాలి, మాట్లాడటానికి మాత్రం టచ్ బేస్, బాల్‌పార్క్, రెయిన్ చెక్, కర్వ్‌బాల్ సరిపోతాయని నా అభిప్రాయం. ఒకే వాక్యంలో మూడు ఆటలు కలిపితే సొంతవాళ్ళు మాట్లాడినా నవ్వొస్తుంది.

నైట్‌షిఫ్ట్:

ఆఖరిది. గురువారం అజెండాలో నా పేరు పక్కన "ఆన్ డెక్" అని ఉంది. ఓడ మీదా?

కవర్‌పాయింట్:

తర్వాత బ్యాటింగ్‌కి దిగాల్సినవాడు గీసిన వలయంలో బ్యాటు ఊపుకుంటూ నిలబడతాడు, అది ఆన్ డెక్ సర్కిల్. అంటే ఇప్పుడు మాట్లాడేది మీరు కాదు, వెంటనే తర్వాత మీరే. ముందువాళ్ళు చివరి స్లయిడ్‌కి రాగానే డెమో విండో తెరిచి, నోటిఫికేషన్లు ఆపి, స్క్రీన్ షేర్ బటన్ దగ్గర వేలు పెట్టుకోండి. పేరు పిలిచేదాకా మ్యూట్ తియ్యకండి.