కండర వికాసం: ప్రోటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏలకు ఎంత పాత్ర ఇవ్వాలి?

జన్యుపథికుడు:
పంది, కోడి, ఆవు కండరాలలో ప్రోటీన్‌ను తయారు చేయని పొడవైన ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుంచి తీసిన నకలు) మరొకటి దొరికిందనే వ్యాసాలు ఆగకుండా వస్తున్నాయి. చాలావాటి బాణీ ఒక్కటే: రెండు జాతుల కండరాలను పోల్చి, హెచ్చుతగ్గులు కనిపించిన ఒక ఆర్‌ఎన్‌ఏను ఎంచుకొని, గాజుపాత్రలో పెరిగే కణాలలో దాన్ని విపరీతంగా పెంచి, అది ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏను (ఇతర ఆర్‌ఎన్‌ఏలకు అతుక్కుని వాటి నుంచి ప్రోటీన్ తయారీని తగ్గించే చిట్టి ఆర్‌ఎన్‌ఏను) స్పాంజిలా పీల్చుకుంటుందని తేల్చడం. మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర రుజువైందనీ, పొడవైనవాటిలో అధిక భాగానికి ఆ రుజువు ఇంకా లేదనీ నా అభిప్రాయం. మీరేమంటారు?

మందకాపరి:
మొదటి సగం ఒప్పుకుంటాను. కండరం అతిగా పెరగకుండా అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువులో, ప్రోటీన్‌గా మారని చివరి భాగంలో, టెక్సెల్ జాతి గొర్రెలకు ఒక డీఎన్‌ఏ అక్షరం 'జి' స్థానంలో 'ఏ' వచ్చింది. ఆ ఒక్క అక్షరం వల్ల, కండరంలో సమృద్ధిగా ఉండే మిర్-1, మిర్-206 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అతుక్కునే చోటు ఏర్పడి, మయోస్టాటిన్ తయారీ తగ్గి, కండ పెరిగింది. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ బృందం నేతృత్వంలో 2006లో ఈ సంగతి వెల్లడైంది. కసాయి కొట్టు తూకంలోనే కనిపించే రుజువుకు వంక పెట్టలేం.

రెండో సగం మాత్రం తొందరపాటు. 2011లో రోమ్ పరిశోధకులు వర్ణించిన లింక్-ఎండీ1 అనే పొడవైన ఆర్‌ఎన్‌ఏ మిర్-133, మిర్-135లను పట్టి ఉంచి, కండర కణాలు పరిణతి చెందడానికి కావలసిన ఎంఈఎఫ్2సీ, ఎంఏఎంఎల్1 ప్రోటీన్లకు అడ్డు తొలగిస్తుంది. డుషెన్ కండర క్షీణత అనే జన్యు వ్యాధి ఉన్న రోగుల కణాలలో అది తగ్గిపోయి ఉంటుంది. తిరిగి అందిస్తే పరిణతి కొంత మెరుగైంది.

నిదానం:
టెక్సెల్ ఉదాహరణ వినడానికి బాగుంది కానీ, అది నిరూపించేది మీరనుకున్నదానికన్నా తక్కువ. ఆ అతుక్కునే చోటు మామూలు గొర్రెలలో లేదు కనుక, మిర్-206కు ఎంత బలం ఉందో ఆ గొర్రె చూపుతుందే తప్ప, సహజ వికాసంలో అది ఏం చేస్తుందో చూపదు. మిర్-206ను తొలగించిన ఎలుకలలో కండరాలు మామూలుగానే ఏర్పడ్డాయని 2009లో తేలింది; నరం తెగినప్పుడు తిరిగి అతుక్కోవడం ఆలస్యమైంది. అయితే మిర్-1కూ దానికీ లక్ష్యాన్ని గుర్తించే వరుస ఒకటే కాబట్టి, ఒకటి పోతే మరొకటి ఆదుకుని ఉండవచ్చు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలను సిద్ధం చేసే డైసర్ ఎంజైమునే కండరంలో తీసేసినప్పుడు ఎలుక పిల్లలు కండ తక్కువై, పుట్టిన కొద్దిసేపటికే చనిపోయాయి. నాకు అసలు రుజువు ఇదీ.

స్పాంజి వాదంలో లెక్క కుదరదు. కణానికి కొద్ది ప్రతులే ఉన్న ఆర్‌ఎన్‌ఏ, కండరంలో గుట్టలుగా ఉండే మిర్-133ను ఎంతని పీల్చగలదు? పైగా పొడవైన ఆర్‌ఎన్‌ఏగా నమోదైన ఒకదాని నుంచి 46 అమైనో ఆమ్లాల మయోరెగ్యులిన్ వస్తుందని, అది కండరంలో కాల్షియం పంపును నెమ్మదింపజేస్తుందని 2015లో బయటపడింది. ఆ పేరుతో నమోదైన మిగతావాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో!

మందకాపరి:
మరి కాలిపీజ్ గొర్రె సంగతి? 1983లో ఓక్లహోమాలో పుట్టిన సాలిడ్ గోల్డ్ అనే పొట్టేలు సంతతిలో పిరుదుల కండ అసాధారణంగా పెరిగింది. మార్పు ఒక్క అక్షరమే. డీఎల్‌కే1 అనే ప్రోటీన్ జన్యువుకూ, ప్రోటీన్ చేయని మెగ్3 అనే జన్యువుకీ నడుమ ఉంది. తండ్రి నుంచి మార్పు, తల్లి నుంచి మామూలు ప్రతి వస్తేనే లక్షణం కనిపిస్తుంది. ఇరువైపుల నుంచీ మార్పే వస్తే, తల్లి వైపు ఆర్‌ఎన్‌ఏలు డీఎల్‌కే1ను అణచివేస్తాయన్న వివరణ ఉంది.

జన్యుపథికుడు:
అక్కడ కండను పెంచేది డీఎల్‌కే1 ప్రోటీనే. ఆర్‌ఎన్‌ఏలు దానికి కళ్లెం అంతే. నా షరతు ఇది: ఒక పొడవైన ఆర్‌ఎన్‌ఏకు పాత్ర ఉందనేవారు బతికి ఉన్న జంతువులో దాని తయారీని ఆపి చూపాలి. డీఎన్‌ఏ ముక్కను మొత్తంగా కోసేస్తే పక్క జన్యువుల నియంత్రణ కూడా పోవచ్చు కాబట్టి, మొదట్లోనే ముగింపు సంకేతం చొప్పించి ఆర్‌ఎన్‌ఏను మాత్రమే ఆపాలి. గాజుపాత్రలో అతి ముఖ్యమనిపించిన మలాట్1 అనే పొడవైన ఆర్‌ఎన్‌ఏ లేకుండానే ఎలుకలు మామూలుగా పుట్టి పెరిగాయని 2012లో మూడు బృందాలు వేర్వేరుగా చూపాయి.

మందకాపరి:
లింక్-ఎండీ1కూ ఇదే షరతా?

జన్యుపథికుడు:
దానికీ ఇదే. రోగి కణాలలో వచ్చిన ఫలితాన్ని కొట్టిపారేయను, కానీ పిండంలో కండరం ఏర్పడే కథకు దాన్ని సాక్ష్యంగా తీసుకోను.