టాప్ 40లో ర్యాప్ లేకపోతే ర్యాప్ పనైపోయినట్టేనా?

లయ_వినికిడి
2025 అక్టోబర్ 25 తేదీతో వచ్చిన బిల్‌బోర్డ్ హాట్ 100లో (అమెరికాలో ఆ వారం హిట్ పాటల జాబితా) మొదటి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాట లేదు. 1990 తర్వాత ఇలా జరగడం అదే మొదటిసారి. అప్పటి నుంచి ఎక్కడ చూసినా "ర్యాప్ పనైపోయింది" అనే మాటే. నాకది మింగుడు పడటం లేదు. ర్యాపర్ కెండ్రిక్ లమార్, గాయని సిజా కలిసి పాడిన 'లూథర్' ముందు వారం 38లో ఉంది. ఈలోగా బిల్‌బోర్డ్ రూల్ మార్చింది. 26 వారాలు దాటిన పాట 25 కిందికి జారితే ఇక చార్ట్‌లో ఉండదు. 'లూథర్' అలా పోయింది. జనం వినడం మానేశారని కాదు కదా?

పాత_క్యాసెట్
రూల్ అందరికీ ఒకటే కదండీ. 'లూథర్' 13 వారాలు నంబర్ వన్‌గా ఉంది, దాని ఆయుష్షు అది బతికింది. నా బాధంతా దాని వెనక ఇంకో పాట లేదనే. ఒక్క గుంజ తీస్తే పందిరి పడిపోయిందంటే మిగతా గుంజలు ఎప్పుడో పోయాయని అర్థం. ర్యాప్ మీద ప్రేమ ఉంది కాబట్టే గట్టిగా అంటున్నాను.

లయ_వినికిడి
ఆ వారం 44లో ర్యాపర్ ఎన్‌బీఏ యంగ్‌బాయ్ పాట ఉందండీ. నాలుగు మెట్ల తేడాకి చావు కబురు చెప్పేస్తారా? పైగా ముందు వారం మొదటి 12 స్థానాలూ టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ పాటలే. ఆ తాకిడి అప్పటికింకా తగ్గనే లేదు.

అంకెల_పిచ్చి
ఆ తాకిడి గురించే నేను చెప్పాలి. 2021 సెప్టెంబర్‌లో ర్యాపర్ డ్రేక్ 21 పాటల ఆల్బమ్ వచ్చినప్పుడు నేను అమెరికాలోనే ఉన్నాను. ఆ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట నుంచి వదిలేశాను. మధ్యలో ఎక్కడో కన్ను అంటుకుంది, పాటలు మాత్రం ఆగలేదు. నేను వినని పాటలకీ నా ప్లే పడింది. ఆ వారం టాప్ 10లో 9 ఆయనవే. రెండు వారాలు గడిచాక చూసుకుంటే, నేను మళ్లీ వెతుక్కుని పెట్టుకున్నవి రెండే రెండు పాటలు.

అప్పుడు ర్యాప్ గెలిచిందని పండగ చేసుకున్నాం. ఇప్పుడు అదే పద్ధతిలో ఇంకొకరు 12 స్థానాలు పట్టుకుపోతే అన్యాయం అనడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

ఇంకోటి. డబ్బు కట్టి వినేవాళ్ల ప్లేకి పూర్తి విలువ, యాడ్స్ భరిస్తూ ఉచితంగా వినేవాళ్ల ప్లేకి మూడింట రెండు వంతులే ఇచ్చారు. 2018 జులైలో హాట్ 100కి పెట్టిన లెక్క అది. జేబులో డబ్బులేని కుర్రాడికి పాట మీద ఇష్టం తక్కువా? నాకిది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

గల్లీ_గొంతు
లెక్క మారితే చార్ట్ ఎలా తలకిందులవుతుందో 1991లోనే చూశాం. అంతవరకు ఆల్బమ్ చార్ట్‌కి షాపులవాళ్లు ఏది బాగా పోతోందో నోటిమాటగా చెప్పేవారు. మే నెలలో బార్‌కోడ్ స్కాన్‌తో అసలు అమ్మకాలు లెక్కపెట్టడం మొదలైంది. జూన్‌లో ఎన్.డబ్ల్యూ.ఏ. ఆల్బమ్ నంబర్ వన్. రేడియోలు దూరం పెట్టిన ర్యాప్ బృందం అది! కొనేవాళ్లు అంతకుముందూ ఉన్నారు, లెక్కలోకి రాలేదంతే.

పాత_క్యాసెట్
మంచి మాట చెప్పారు. కానీ అది నా వాదనకే బలం. అప్పుడు దాగి ఉన్న జనాన్ని లెక్క బయటపెట్టింది. ఇప్పుడు దాగి ఉన్నవాళ్లెక్కడ? ప్లేలన్నీ నమోదవుతూనే ఉన్నాయి.

చరణం_చాలు
మీరంతా ఏది ర్యాప్ అనే ప్రశ్న దాటేశారు. లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ని 2019లో బిల్‌బోర్డ్ తన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) చార్ట్ నుంచి తీసేసింది, అది కంట్రీ కాదని. అదే పాట హాట్ 100లో 19 వారాలు నంబర్ వన్. 'లూథర్'లోనూ సగం ర్యాప్ కాదు, పాడటమే కదా! ఆ గీత ఎవరు ఎక్కడ గీస్తే అక్కడ "సున్నా ర్యాప్" వస్తుంది.

అంకెల_పిచ్చి
ఒప్పుకుంటాను. తాకిడికి మాత్రం మందుంది. బ్రిటన్ అధికారిక చార్ట్‌లో 2017 నుంచి ఒక కళాకారుడికి మూడు పాటలే అని హద్దు పెట్టారు. అమెరికాలోనూ అది రావాలి. డ్రేక్‌కి నష్టమైనా సరే, కొత్తవాళ్లకి చోటు దొరుకుతుంది.

పాత_క్యాసెట్
ఆ హద్దుకి నా ఓటు. ఒక్కటి మాత్రం ఇప్పుడే ఒప్పుకుంటాను. కెండ్రిక్ 'నాట్ లైక్ అస్' 2024 మేలో నంబర్ వన్‌గా దిగింది, వీడియో వచ్చాక జులైలో మళ్లీ ఎక్కింది, సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మధ్యలో ఆయన పాడాక 2025 ఫిబ్రవరిలో మూడోసారి. ఒక్క రాత్రి తాకిడితో అలా జరగదు. అలాంటి పాట, కొత్త గొంతు నుంచి ఒక్కటి చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.

లయ_వినికిడి
సరేనండీ. 40 నుంచి 100 దాకా ఉన్న ర్యాప్ పాటల్ని ఈ వారం నుంచి ఇక్కడే రాసిపెడతాను. ఏది నాలుగు వారాలు నిలబడితే దాని గురించి మళ్లీ మాట్లాడుకుందాం.