డ్రేక్ దొంగా, లైసెన్సు ఉన్నవాడా? మొదటి ఎలిజబెత్ కాలం వాటాల లెక్క కావాలి

గంటస్తంభం_సెంటర్ (విజయనగరం):
డిగ్రీ సెమినారుకి మొదటి ఎలిజబెత్ రాణి పాలన (1558–1603) తీసుకున్నాను. పట్టాభిషేకం, చర్చి గొడవ, ఆర్మడా (ఇంగ్లండు మీదికి వచ్చిన స్పెయిన్ యుద్ధ ఓడల దండు) అన్నీ గైడులో ఉన్నాయి. లేనిదల్లా సముద్ర దోపిడీ సంగతే. ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ రాణి లైసెన్సుతో వెళ్లాడని కొందరు, ఒట్టి దొంగని కొందరు అంటారు. లైసెన్సు ఎవరిచ్చేవారు? సొమ్ము ఎవరికెంత? అక్కణ్ణుంచి ఈస్టిండియా కంపెనీ దాకా ఎలా వస్తుంది? పది నిమిషాలే ఇస్తారు.

కళింగపట్నం_లైట్‌హౌస్:
ముందు 1585కి ఇటూ అటూ విడదీసుకోండి. ఆ రెండూ కలిపేస్తేనే ఈ తగువు.

డ్రేక్ 1577 డిసెంబరులో ప్లిమత్ నుంచి బయల్దేరేనాటికి స్పెయిన్‌తో యుద్ధం లేదు. 1579 మార్చి 1న పసిఫిక్‌లో ‘కాకాఫ్యూగో’ అనే వెండి ఓడని పట్టాడు, 1580 సెప్టెంబరులో ఇంటికొచ్చాడు. స్పెయిన్ దృష్టిలో పక్కా దొంగ. ఇంగ్లండులో మాత్రం పెద్దల పెట్టుబడి మోసుకెళ్లిన మనిషి. పౌండు పెట్టినవాళ్లకి 47 పౌండ్లు వచ్చాయని లెక్క. స్పెయిన్ రాయబారి సొమ్ము వెనక్కిమ్మని ఎంత మొత్తుకున్నా రాణి వినలేదు. 1581 ఏప్రిల్‌లో డెట్‌ఫర్డ్‌లో డ్రేక్‌కి సర్ బిరుదు ఇచ్చినప్పుడు కత్తి ఫ్రెంచి దూత చేతికిచ్చి అతనిచేత భుజం తట్టించింది. ఆవిడ పాలనంతా ఇదే తీరు: పని జరగాలి, తన చెయ్యి కనపడకూడదు.

1585 మేలో స్పెయిన్ తన రేవుల్లో ఉన్న ఇంగ్లీషు ఓడల్ని జప్తు చేసింది. ఆ తర్వాతే లైసెన్సులు విచ్చలవిడిగా వచ్చాయి. పద్ధతి ఇదీ: నష్టపోయిన వర్తకుడు అడ్మిరాల్టీ కోర్టులో, అంటే సముద్ర వ్యవహారాల కోర్టులో, నష్టం రుజువు చేసుకోవాలి. స్నేహ దేశాల ఓడల జోలికి పోనని పూచీకత్తు రాయాలి. అప్పుడు ‘లెటర్ ఆఫ్ రిప్రైజల్’, అంటే నష్టానికి బదులు స్పెయిన్ ఓడల్ని పట్టుకోవచ్చనే అనుమతి, చేతికొస్తుంది. దాంతో పట్టిన సరుకు రేవుకి తెచ్చి, విలువ కట్టించి, తీర్పు వచ్చాకే పంచుకోవాలి. ఆ కోర్టు జడ్జీ పేరు జూలియస్ సీజర్, నిజంగానే! కాయితం మీద ఇంత కట్టుదిట్టం. నష్టం నాలుగింతలు చేసి చూపినా అడిగేవాడు లేడు.

బొబ్బిలి_కోట:
వాటాల సంగతి నేను చెప్తాను. మన భావనపాడు వేపు బోటుకీ వలకీ మనుషులకీ వాటాలు వేసినట్టే, కాకపోతే పైవాళ్ల కోత ముందు.

1,000 పౌండ్ల సరుకు అనుకోండి. పదో వంతు, అంటే 100, నౌకాదళం పెద్ద లార్డ్ అడ్మిరల్ చార్లెస్ హోవార్డ్‌కి. సుంకం నూటికి 5 చొప్పున 50. మిగిలిన 850ని మూడు భాగాలు చేస్తారు: ఓడ యజమానికొకటి, తిండీ మందుగుండూ సమకూర్చినవాళ్లకొకటి, ఓడలోని మనుషులందరికీ కలిపి ఒకటి. భాగానికి సుమారు 283. ఓడలో 80 మంది ఉంటే సగటున తలకి మూడున్నర పౌండ్లు. రాణి నౌకాదళంలో నావికుడికి నెలకి 10 షిల్లింగులు (పౌండుకి 20 షిల్లింగులు), అంటే ఏడు నెలల జీతం. కెప్టెన్‌కి ఎక్కువ వాటా పోతుంది కాబట్టి మామూలోడికి అంతకన్నా తక్కువే. ఓడేదీ దొరక్కపోతే సున్నా. వీళ్లకి జీతం లేదు.

అందుకే సరుకు లెక్కకి రాకముందే మాయమయ్యేది. 1592 ఆగస్టులో అజోర్స్ దగ్గర పట్టిన పోర్చుగీసు ఓడ ‘మాద్రె దె దేవుస్’ చూడండి. ఇండియా నుంచి వస్తోంది. మిరియాలే 400 టన్నులకు పైగా, ఇంకా లవంగాలు, దాల్చిన చెక్క, పట్టు, నూలుబట్టలు, కస్తూరి. డార్ట్‌మత్ రేవు చేరేలోపే సగానికి సగం పోయింది. రాణి తన సలహాదారు రాబర్ట్ సెసిల్‌ని పరిగెత్తించింది. ఎక్సెటర్ దారిలో ఎదురైనవాళ్ల మూటల్లోంచి అంబరు, కస్తూరి వాసన కొడుతోందని ఆయన కబురు రాశాడు. ఈ యాత్రలో డబ్బు పెట్టిన వాల్టర్ రాలీ అప్పుడు రహస్యంగా పెళ్లి చేసుకున్నందుకు జైల్లో ఉన్నాడు. అతన్ని సైతం, నావికులు అతని మాట వింటారని, బయటికి వదిలారు. మిగిలినదాని విలువ సుమారు 1,40,000 పౌండ్లు. రాణి పెట్టుబడి కొంచెమే, తీసుకున్నది సగానికి పైగా. రాలీ మాత్రం చేతి డబ్బు పోగొట్టుకున్నాడు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
కంపెనీకి దారి ఆ మిరియాల్లోంచే. తూర్పు సరుకు విలువ లండన్ వర్తకులకి కళ్లారా తెలిసింది. 1600 డిసెంబరు 31న రాణి ఈస్టిండియా కంపెనీకి తూర్పు వ్యాపారం మీద 15 ఏళ్ల గుత్తాధికారం రాసిచ్చింది. మొదటి ప్రయాణంలో పెద్ద ఓడ ‘రెడ్ డ్రాగన్’ అంతకుముందు కంబర్లండ్ ప్రభువు దోపిడీ ఓడ ‘మాలిస్ స్కర్జ్’. 3,700 పౌండ్లకి కొన్నారు. నాయకుడు జేమ్స్ లాంకస్టర్ 1595లో బ్రెజిల్‌లోని రెసిఫె రేవుని కొల్లగొట్టినవాడే. వ్యాపారానికి పోయినా పాత అలవాటు మానలేదు: 1602లో మలక్కా జలసంధిలో శాంతోమ్, అంటే మన మద్రాసు మైలాపూరు, నుంచి వస్తున్న పోర్చుగీసు ఓడని పట్టి, అందులోని కోరమాండల్ బట్టలిచ్చి మిరియాలు కొన్నాడు. చికాకోల్ సర్కారు, అంటే మన శ్రీకాకుళం వేపు, కంపెనీకి దక్కింది 1765 ఫర్మానాతో. రాణి రాసిచ్చిన కాయితానికీ దానికీ 165 ఏళ్ల దూరం ఉంది, నేరుగా ముడేయకండి.

ఇంగ్లీషు నావికుడు జాన్ హాకిన్స్‌ని మాత్రం వదలొద్దు. 1562 నుంచి ఆఫ్రికా మనుషుల్ని పట్టుకెళ్లి కరీబియన్‌లో అమ్మాడు. 1564లో రాణి తన సొంత ఓడ ‘జీసస్ ఆఫ్ లూబెక్’ ఇచ్చింది. 1568లో మెక్సికో తీరంలోని సాన్ హువాన్ దె ఉలువాలో ఆ ఓడ స్పెయిన్ చేతిలో పోయింది. డ్రేక్ అక్కడే ఉన్నాడు, పగ అక్కణ్ణుంచే. ఇది దాచేసి వీరగాథ చెప్తే సెమినారు చప్పగా ఉంటుంది.

కళింగపట్నం_లైట్‌హౌస్:
తేదీల దగ్గర ఒక చిక్కుంది. అప్పట్లో ఇంగ్లండుకి కొత్త సంవత్సరం మార్చి 25న. రాణి పోయింది మార్చి 24న, అంటే వాళ్ల లెక్కలో 1602 ఆఖరి రోజు. రెండు దేశాల క్యాలెండర్లు వేరు కాబట్టి ఆర్మడా తేదీల్లోనూ పది రోజుల తేడా: ఆర్మడాతో జరిగిన గ్రావెలీన్ పోరు ఇంగ్లండుకి జూలై 29, స్పెయిన్‌కి ఆగస్టు 8. చార్టు మీద 1603 అనే రాసి, కింద చిన్న అక్షరాల్లో పాత లెక్క పెట్టండి, ఎవరైనా లేచి అడిగితే చూపించడానికి.