మయూరశిఖ అంటే నెమలి పింఛం కాదు

నిన్న ఇక్కడ ఒక అక్క ‘మయూరశిఖ’ అనే మందుమొక్క పేరును ‘నెమలిపింఛం ఆకు’ అని తెలుగు చేశారు. నా పేచీ అక్కడే. పింఛం నెమలికి వెనక ఉండేది, శిఖ నెత్తిన ఉండేది. మన పిలక శిఖే, దీపం కొస శిఖే. నెత్తిన జుట్టు ఉంది కాబట్టే నెమలికి ‘శిఖి’ అని పేరు. ఆ లెక్కన కొందరు రాసే ‘మయూరశిఖి’ కూడా కుదరదు, ‘నెమలి నెమలి’ అన్నట్టవుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, మొక్కను గుర్తుపట్టేది ఆ మాటతోనే. నెమలి జుట్టును దగ్గరగా చూడండి. ఒక్కో ఈక కిందంతా ఉత్త పుల్లలా ఉండి, కొసన మాత్రం చిన్న విసనకర్రలా విచ్చుకుంటుంది. మా అనంతపురం వైపు బండల నెర్రెల్లో, పాత గోడల సందుల్లో మొలిచే ఈ ఫెర్న్ అచ్చం అంతే: సన్నటి కాడ, దాని కొసన బుల్లి తాటాకు. మొత్తం కలిపి జానెడు మించదు. కన్నులున్న పింఛంతో దీనికి పోలికే లేదు. శాస్త్రీయనామం ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. అందులోనూ ఉన్నది కిరణాల మాటే, కొసన కిరణాల్లా విచ్చుకునే ఆకును బట్టి.

ముదురు ఆకు చీలికను తిప్పి చూస్తే అంచులు లోపలికి మడిచి ఉంటాయి. సిద్ధబీజాలు, అంటే గింజల బదులు ఫెర్న్‌కు ఉండే పొడిలాంటి కణాలు, ఆ మడత కిందే. ఫెర్న్ కాబట్టి పువ్వుండదు, గింజుండదు. ఒకసారి మూలికల కొట్లో మయూరశిఖ అడిగితే పొట్లం కట్టిచ్చారు. ఇంటికొచ్చి విప్పితే నల్లగా నిగనిగలాడే గింజలు రాలాయి. అది కోడిజుట్టు పువ్వు! దాన్నీ కొన్నిచోట్ల మయూరశిఖ అనే పిలుస్తారు. పేరు ఒకటే, మొక్కలు రెండు. మందు కోసం కొనేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

వ్యాఖ్య: అన్నా, మా అమ్మమ్మ వాళ్ల గుట్ట మీద ఆకు అడుగున తెల్లపొడి ఉండేది ఒకటి చూశాను. చేతికి అద్దుకుంటే ఆకు అచ్చు తెల్లగా పడేది. అదీ మయూరశిఖేనా?

జవాబు: కాదమ్మా. నువ్వు చెప్పేది వెండి ఫెర్న్. దాని ఆకు ఈకలా రెండు పక్కలా చీలి ఉంటుంది, విసనకర్రలా కాదు. అదీ రాతినేలదే. ఎండకు ఆకు ముడుచుకుని తెల్ల అడుగును పైకి తిప్పుకుంటుంది, నీరు ఆవిరైపోకుండా.

మయూరశిఖ కూడా ఎండల్లో ముడుచుకుపోయి, వేళ్లతో నలిపితే గలగలమంటుంది. చచ్చిపోయిందనుకుంటాం. నేను ఒక సాయంత్రం బండసందులో రెండు చెంబుల నీళ్లు పోసి వచ్చాను. తెల్లారి వెళ్లేసరికి విసనకర్రలు మళ్లీ విచ్చుకుని పచ్చగా ఉన్నాయి.

మీ ఊళ్లో దీన్ని పెద్దవాళ్లు ఏమని పిలుస్తారో అడిగి రాయండి. ఫోటో చాలు, పీకి తేవద్దు.